ఎత్తిన వంతెన, మధ్యలో సూది: పడవ మీంచి తీసిన ఒక రాత్రి ఫొటో

నల్గొండలో ఒక డాక్టరు గారు కొత్తగా ఆసుపత్రి కట్టించారు. రోగుల బంధువులు కూర్చునే హాలులో ఒక గోడను కావాలనే ఖాళీగా వదిలారు. 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. నన్ను పిలిపించి ఆ గోడ ముందు నిలబెట్టి చెప్పారు.

"ఇక్కడ నాకు ఒకటే ఫొటో కావాలి. రాత్రిపూట నేవా నది మీద వంతెన రెండు రెక్కలుగా లేచి ఉండాలి. ఆ రెక్కల మధ్యలో సూదిలాంటి శిఖరం కనిపించాలి."

ఆయన 1980లలో అప్పటి లెనిన్‌గ్రాడ్‌లో, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, వైద్యం చదివారు. అలాంటి ఫొటోలు కొనుక్కోవడానికి చాలా దొరుకుతాయి కదా సార్ అన్నాను.

"దొరుకుతాయి. నేను చూసినవన్నీ గట్టు మీంచి తీసినవే. చదువు అయిపోయిన ఏడాది పడవలో వెళ్తూ చూశాను. నీళ్ళ మట్టం నుంచి చూస్తే ఆ వంతెన మీదికి వచ్చినట్టు ఉంటుంది. నాకు అది కావాలి."

ఇరవై ఏళ్ళకు పైగా స్టూడియో నడుపుతున్నాను. పెళ్ళిళ్ళు నా బతుకుతెరువు, రాత్రి ఫొటోలు నా ఇష్టం. ఒక గోడ కోసం ఒకే ఒక్క చిత్రం తీసిపెట్టమని అంతకు ముందు ఎవరూ నన్ను అడగలేదు. ఒప్పుకున్నాను. ఆ పని ఎలా సాగిందో, ఎక్కడ తప్పు చేశానో, చివరికి ఏది పనికొచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. పడవ మీంచి రాత్రి ఫొటో తీయాలనుకునేవాళ్ళకు నేవా దాకా వెళ్ళకపోయినా ఇందులో కొంత అక్కరకొస్తుంది.

ఏ వంతెన, ఎందుకు

మన జిల్లాలో "ఎత్తారు" అంటే సాగర్ గేట్లే. నాగార్జునసాగర్‌కు 26 క్రస్ట్ గేట్లున్నాయి. వాటిని ఎత్తారని తెలిస్తే చాలు, పిల్లాజెల్లాతో జనం కదులుతారు. అక్కడ గేటు లేచేది నీళ్ళు పోవడానికి. పీటర్స్‌బర్గ్‌లో వంతెన లేచేది ఓడలు పోవడానికి. లడోగా సరస్సులో మొదలై 74 కిలోమీటర్లు మాత్రమే ప్రవహించి ఫిన్లాండ్ సింధుశాఖలో కలిసే నేవా, వోల్గా నుంచి బాల్టిక్ సముద్రానికి సాగే జలమార్గంలో చివరి మజిలీ. సరుకు ఓడలు నగరం నడిబొడ్డు మీదుగానే పోవాలి. పగటిపూట రోడ్లు ఆపలేరు. అందుకే నది గడ్డకట్టని నెలల్లో, సుమారుగా ఏప్రిల్ నుంచి నవంబరు దాకా, అర్ధరాత్రి దాటాక వంతెనలను ఒక్కొక్కటిగా ఎత్తుతారు.

మన దేశంలో రెండు రెక్కలుగా తెరుచుకునే వంతెన అనగానే 1914 నాటి పాత పాంబన్ రైలు వంతెన గుర్తొస్తుంది. కొత్త పాంబన్‌లో ఆ ఖానా, అంటే రెండు స్తంభాల మధ్య భాగం, మొత్తం నిలువుగా పైకి లేస్తుంది. పీటర్స్‌బర్గ్‌లోనూ అన్నీ ఒకే రకం కాదు. 1903 నాటి ట్రాయిట్‌స్కీ వంతెనకు, 1879లో తెరిచిన లితేనీ వంతెనకు ఇప్పుడు లేచేది ఒకే రెక్క. చూడటానికి గొప్పగా ఉంటాయి కానీ రెండు రెక్కల మధ్య ఏదైనా నిలబెట్టాలంటే అవి పనికిరావు. డాక్టరు గారు అడిగింది ప్యాలెస్ వంతెన. 1912లో పని మొదలై 1916లో రాకపోకలకు తెరిచిన ఈ వంతెన పొడవు సుమారు 260 మీటర్లు, ఐదు ఖానాలు. నడిమి ఖానా రెండు రెక్కలుగా తెరుచుకుంటుంది. ఆయన చెప్పిన సూది, 1703లో పునాది పడిన పీటర్–పాల్ కోటలోని చర్చి శిఖరం. ఎత్తు 122.5 మీటర్లు. వంతెనకు ఎగువన, కిలోమీటరుకు కాస్త ఎక్కువ దూరంలో ఉంటుంది.

పటం మీద ఒక గీత, ఆకాశంలో ఒక గీత

కెమెరా బయటికి తీయకముందే పని సగం పటం మీద జరిగింది. శిఖరం దగ్గర మొదలుపెట్టి, వంతెన నడి ఖానా మీదుగా గీత గీసి, దాన్ని దిగువకు పొడిగించాను. ఆ గీత నది మధ్యలో నిటారుగా సాగలేదు. ఏటవాలుగా ఎడమ ఒడ్డుకు, అంటే జార్ చక్రవర్తుల వింటర్ ప్యాలెస్, అడ్మిరాల్టీ భవనం ఉన్న వైపుకు, పోయి మూడు వందల మీటర్లకు అటూ ఇటూగా గట్టును తాకింది. పడవ ఆ గీత మీద ఉన్నంతసేపే సూది రెక్కల మధ్యలో ఉంటుంది. అటో ఇటో ముప్పై నలభై మీటర్లు జరిగితే శిఖరం రెక్క వెనక్కి పోతుంది.

గీత మీద ఎక్కడ ఆగాలన్నది రెండో ప్రశ్న. చాలామంది వంతెనకు వీలైనంత దగ్గరగా పోతారు. లెక్క వేస్తే దానికి విరుద్ధంగా తేలింది. వంతెనకు 100 మీటర్ల దూరంలో నిలబడితే శిఖరం 1,200 మీటర్ల దూరంలో ఉంటుంది. 220 మీటర్లకు వెనక్కి వస్తే శిఖరం దూరం 1,320 మీటర్లు. అంటే వంతెన సగానికి సగం చిన్నదైతే శిఖరం పదో వంతు కూడా తగ్గలేదు. వెనక్కి వచ్చి, పొడవైన లెన్సు పెడితే సూది పెద్దదవుతుంది. 100 మీటర్ల దగ్గర 50 మి.మీ. లెన్సుతో శిఖరం ఫ్రేము ఎత్తులో అయిదో వంతు మాత్రమే. 220 మీటర్ల దగ్గర 85 మి.మీ. లెన్సుతో మూడో వంతు. డాక్టరు గారి మనసులో ఉన్న చిత్రం ఆ రెండోదే అని అనిపించింది.

ఇక ఆకాశం. ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మన నల్గొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు. సూర్యాస్తమయం తర్వాత ఆకాశం ముదురు నీలంగా ఉండే సమయం, ఫొటోగ్రాఫర్లు బ్లూ అవర్ అని పిలిచేది, పేరుకే గంట. లెక్కకు ఇరవై నిమిషాలు కూడా ఉండదు. సెయింట్ పీటర్స్‌బర్గ్ దాదాపు 60 డిగ్రీల మీద ఉంది. అక్కడ వేసవిలో సూర్యుడు క్షితిజం కింద పక్కవాటుగా నడుస్తాడు. జూన్ మూడో వారంలో నడిరేయి కూడా క్షితిజానికి ఆరున్నర డిగ్రీల కిందే ఉంటాడు. వాళ్ళు తెల్ల రాత్రులు అని పిలిచేది ఇదే. జూలై రెండో వారానికి అది ఎనిమిది డిగ్రీలకు పోతుంది. ఆకాశం నల్లబడదు, తెల్లబడదు.

ఇంకొక సంగతి. ఆ నగరం మాస్కో సమయం పాటిస్తుంది. సూర్యుడి లెక్కతో చూస్తే గడియారం దాదాపు గంట ముందుంటుంది. నల్గొండలో ఆ తేడా పావుగంట లోపే. కాబట్టి అక్కడ అసలైన నడిరేయి 12 గంటలకు రాదు, ఒంటి గంటకు వస్తుంది. మేము వెళ్ళిన వారం పట్టికలో ప్యాలెస్ వంతెన లేచే సమయం 1.10. సరిగ్గా చీకటి గరిష్ఠంగా ఉండే నిమిషం! ఆ క్షణం కోసం వందలాది మంది కెమెరాలు పట్టుకుని ఉంటారు.

అయితే నడిరేయి సూర్యుడు ఎక్కడుంటాడు? సరిగ్గా ఉత్తరాన, క్షితిజం కింద. ఆ వెలుగు ఉత్తరం నుంచి గంట గంటకూ తూర్పుకు జరుగుతుంది. నా గీత ఉత్తరం నుంచి ఇరవై డిగ్రీలకు పైగా తూర్పుకు వంగి ఉంది. అంటే 1.10కి వెలుగు శిఖరానికి ఎడమ పక్కన ఉంటుంది. రెండున్నర దాటేసరికి శిఖరం వెనక్కే వస్తుంది. అప్పటికి సూర్యుడు క్షితిజానికి ఆరేడు డిగ్రీల కింద ఉంటాడు. వంతెన 2.50కి ఒకసారి దిగుతుంది, 3.10కి మళ్ళీ లేస్తుంది. నాకు కావలసిన ఫొటో వంతెన లేచినప్పటిది కాదు, దిగబోయే ముందుది. 2.20 నుంచి 2.45 దాకా. ఈ మాట నల్గొండలో నా బల్ల దగ్గర కాగితం మీద రాసుకున్నప్పుడు, విమానం ఎక్కకముందే ఫొటో చూసినంత సంతోషం కలిగింది.

వాడపల్లిలో కసరత్తు

లెక్క కాగితం మీద కుదిరింది. చేతికి కుదరాలి. దామరచర్ల మండలం వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి వంతెన అక్కడే కృష్ణను దాటుతుంది. రెండు నెలల్లో ఆరు సాయంత్రాలు అక్కడ గడిపాను. చేపలు పట్టే ఒక పెద్దాయన తన నాటు పడవలో నన్ను ఎక్కించుకున్నారు. లైఫ్ జాకెట్లు నేను తీసుకెళ్ళాను. ఒడ్డు దగ్గరే తిరగాలని ముందే అనుకున్నాం.

అవతలి ఒడ్డున ఒక వీధి దీపం ఉంది. దాన్ని నా శిఖరం అనుకున్నాను. వంతెన స్తంభాలు రెండు నా రెక్కలు. ఆ దీపాన్ని రెండు స్తంభాల నడుమ సరిగ్గా మధ్యలో పట్టాలి, అదీ పడవ కదులుతుండగా. మొదటి సాయంత్రం రెండు వందల ఫొటోలు తీస్తే పనికొచ్చినవి మూడు.

మొదట ట్రైపాడ్ వేశాను. అది మొదటి తప్పు. పడవ అడుగు చెక్క మీద నిలబెట్టిన ట్రైపాడ్ పడవ ఊపునంతా కెమెరాకు చేరవేస్తుంది. మనిషి నడుము, మోకాళ్ళు ఆ ఊపులో కొంతైనా మింగేస్తాయి. దాన్ని మడిచి పక్కన పెట్టి, మోకాళ్ళు వంచి కూర్చుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి తీయడం మొదలుపెట్టాక ఫలితం మారింది.

రెండో తప్పు పడవకు అడ్డంగా, పక్క ఒడ్డుకు తిరిగి కూర్చోవడం. పడవ ఎక్కువగా ఊగేది పక్కలకే. మనం పక్కకు చూస్తుంటే ఆ ఊపు ఫొటోను పైకీ కిందికీ గుంజుతుంది, దీపం గీతలా సాగిపోతుంది. అదే పడవ పొడవునా ముందుకో వెనక్కో చూస్తుంటే, ఆ ఊపుకు ఫ్రేము కొంచెం వంకర తిరుగుతుంది అంతే. మధ్యలో ఉన్న వస్తువు చెదరదు. వంకర తర్వాత కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చు. పక్కటి ఊపు వల్ల సాగిపోయిన దీపాన్ని ఏ కంప్యూటరూ తిరిగి చుక్క చేయలేదు.

మూడోది పెద్దాయన చెప్పినది. సాగర్ నుంచి నీళ్ళు వదిలిన రోజు ప్రవాహం ఉంది. పడవ నా మాట వినడం లేదు.

"ఎందుకు నిలవడం లేదు పెద్దయ్యా?" అన్నాను.

"నువ్వు దాన్ని అడ్డంగా ఉంచమంటున్నావు బాబూ. పడవ ముక్కు ఏటికి ఎదురుగా పెడితేనే అది నిలుస్తుంది. వెల్లువ ఎంత తోస్తే నేను అంత తెడ్డు వేస్తాను. రెండూ సరిపోతే ఇక కదలదు."

ముక్కు ఎదురుగా తిప్పారు. తెడ్డు నీళ్ళలో నెమ్మదిగా, ఒకే తూకంలో పడుతోంది. దీపం రెండు స్తంభాల నడుమ నిలిచిపోయింది. అరనిమిషం పాటు నేను బటన్ నొక్కడం మరచిపోయి చూస్తూ ఉండిపోయాను. నేవా మీద నాకు అద్దె పడవ దొరికితే దాని నడిపేవారికి ఏం చెప్పాలో ఆ అరనిమిషంలో తెలిసింది.

వాడపల్లి లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖం ఎత్తున ఉన్నది రెపరెపలాడుతుంది, కిందిది కదలకుండా వెలుగుతుంది. పైది స్వామి ఊపిరికి కదులుతుందని భక్తులు చెప్పుకుంటారు. ఒక సాయంత్రం దర్శనం చేసుకుని పడవెక్కినప్పుడు ఆ రెండు దీపాలే కళ్ళలో ఉన్నాయి. ఊపును నేను చూడాల్సిన తీరు కూడా అప్పుడే తట్టింది. ఊయల ఒక చివరకు వెళ్ళి తిరిగి వచ్చే ముందు క్షణం ఆగుతుంది. పడవా అంతే. ఊపు మధ్యలో ఉన్నప్పుడు వేగం ఎక్కువ. అప్పుడు బటన్ నొక్కితే 1/100 సెకనులో కూడా బొమ్మ చెదురుతుంది. ఊపు కొసన ఆ వేగం దాదాపు సున్నా. కంటితో కాదు, తుంటితో దాన్ని పట్టాలి. బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారబోయే ముందు నొక్కాలి. నాలుగు సాయంత్రాలకు నా చేతికి ఆ లయ వచ్చింది.

మిగతా సెట్టింగులు త్వరగానే తేలాయి. షట్టర్ 1/100 సెకను, కొన్నిసార్లు 1/50. మన దేశంలోనూ రష్యాలోనూ కరెంటు 50 హెర్ట్జ్, అంటే దీపాలు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. ఈ రెండు స్పీడుల్లో మినుకు సరిగ్గా ఇముడుతుంది. ఇంకా వేగంగా పోతే, ముఖ్యంగా శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే, ఎల్‌ఈడీ దీపాల కింద అడ్డ చారలు పడతాయి. అపర్చర్, అంటే లెన్సు రంధ్రం, ఎఫ్ 2; చాలా వెడల్పు. రాత్రిపూట అంత తెరిస్తే వంతెన, శిఖరం రెండూ ఫోకస్‌లో ఉండవని నా మిత్రుడొకరు భయపెట్టారు. 85 మి.మీ. లెన్సుకు ఎఫ్ 2 దగ్గర హైపర్‌ఫోకల్ దూరం, అంటే ఫోకస్ అక్కడో అంతకు మించో పెడితే దూరపువన్నీ తేటగా వచ్చే దూరం, దాదాపు 120 మీటర్లు. 220 మీటర్ల దగ్గర ఉన్న వంతెన మీద ఫోకస్ పెడితే శిఖరమూ తేటగానే వస్తుంది. ఐఎస్ఓ, అంటే వెలుగును పట్టే సున్నితత్వం, 3,200.

ఆ ఐఎస్ఓ వల్ల వచ్చే గింజను, అంటే ఫొటోలో పడే సన్నని చుక్కలను, చూసి బెదరవద్దు. 12 అడుగులంటే 144 అంగుళాలు. నా కెమెరా ఇచ్చేది 6,000 పిక్సెళ్ళ వెడల్పు, అంగుళానికి 42 చొప్పున. పది అడుగుల దూరంలో కూర్చున్న మనిషి కంటికి అంగుళానికి 30 చాలు. గోడ మీద గింజ కనిపించదు, చెదిరిన శిఖరం మాత్రం తలుపు దగ్గరి నుంచే కనిపిస్తుంది.

మొదటి రాత్రి

అక్కడ వైద్యం చదువుతున్న మహబూబ్‌నగర్ కుర్రాడు ఒకరు నాకు తోడుగా, దుబాసీగా ఉన్నారు. అతను చెప్పిన మొదటి జాగ్రత్త ఫొటో గురించి కాదు. "అన్నా, మన గది వంతెనకు ఏ వైపున ఉందో గుర్తుపెట్టుకోండి. ఒంటి గంట దాటాక అవతలి ఒడ్డున ఉంటే వంతెన మళ్ళీ దిగేదాకా అక్కడే."

మొదటి రాత్రి అందరిలాగే టూరిస్టు లాంచీ టికెట్ కొన్నాం. కాలువల్లో తిరిగి లాంచీ నేవాలోకి వచ్చేసరికి ప్యాలెస్ వంతెనకు ఎగువన పదుల కొద్దీ పడవలు గుమిగూడి ఉన్నాయి. జూలై అయినా నీళ్ళ మీది గాలికి చెవులు జివ్వుమన్నాయి. 1.10కి నడిమి ఖానా మధ్యలో ఒక చీలిక కనిపించింది. ముందు అది నీడలాగే ఉంది. తర్వాత ఆ చీలికలోంచి ఆకాశం కనిపించడం మొదలైంది. రోడ్డు మీది తెల్ల గీతలు, ట్రాలీ బస్సుల కరెంటు తీగల స్తంభాలు, దీపపు స్తంభాలు అన్నీ అలాగే రోడ్డుతో పాటు వంగి లేస్తున్నాయి. పగలు బస్సులు పోయిన రోడ్డు నిట్టనిలువు గోడలా నిలబడటం చూస్తే ఒళ్ళు గగుర్పొడిచింది. డాక్టరు గారు "మీదికి వచ్చినట్టు ఉంటుంది" అన్న మాట అక్షరాలా నిజం.

పడవలన్నీ ఒక్కసారిగా కదిలి వంతెన కింది నుంచి దిగువకు పోయాయి. జనమంతా లాంచీ ముందు భాగానికి పరుగెత్తారు. మేమిద్దరం వెనక కొసకు వెళ్ళాం, ఎందుకంటే వంతెన దాటాక ఆ ఫొటో వెనకే ఉంటుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా చాలు: టూరిస్టు లాంచీలో వెనక సీటు కోసం తొందరపడండి.

అయినా పని కాలేదు. లాంచీ నది మధ్యలోనే పోయింది, నా గీతను ఒక పక్క నుంచి దాటేసింది. శిఖరం రెక్కల మధ్యలో నిలిచింది పది పన్నెండు సెకన్లే. అదీ వంతెనకు మరీ దగ్గరగా, ఇంజను అదురు కాళ్ళలోకి పాకుతుండగా. పైగా ఆకాశంలో వెలుగు ఎడమ పక్కన ఉంది, శిఖరం వెనక నీలం మసకగా ఉంది. ఆ రాత్రి ఫొటోలు చెడ్డవి కావు. ఎవరైనా మెచ్చుకునేవే. పన్నెండు అడుగుల గోడకు మాత్రం చాలవు.

రెండో రాత్రి వాన. గదిలో పడుకున్నాం.

మూడో రాత్రి

లైసెన్సు ఉన్న నావికుడు నడిపే చిన్న మోటారు పడవ ఒకటి అద్దెకు మాట్లాడాం. పటం మీద నా గీత చూపించి, ఎడమ గట్టుకు దగ్గరగా, ఓడల దారికి బయట, ముక్కు ఎదురు ఏటికి పెట్టి, ఇంజనును ప్రవాహానికి సరిపడేంతే నడుపుతూ నిలబెట్టగలరా అని అడిగించాను. కుర్రాడు రష్యన్‌లో చెప్పడం ముగించకముందే ఆయన తల ఊపారు. వాడపల్లి పెద్దాయనకూ ఈయనకూ మధ్య భాష లేదు. ఏటికి ఎదురు నిలిచే పద్ధతి ఒక్కటే.

1.40 ప్రాంతంలో టూరిస్టు పడవలు మిగతా వంతెనలు చూపించడానికి వెళ్ళిపోయాయి. నది ఖాళీ అయింది. గట్టు మీది జనం పలచబడ్డారు. మా పడవ ముందు కొసన నేను కాళ్ళు చాపి కూర్చున్నాను, వీపుకు కుర్రాడి మోకాళ్ళు ఆసరా. ఒక సరుకు ఓడ రెక్కల మధ్యగా చప్పుడు లేకుండా వచ్చింది. దాని నల్లటి పక్క మా ముందు నుంచి పోతుంటే శిఖరం కొంతసేపు కనబడలేదు. అది దాటిపోయాక దాని అలలు మమ్మల్ని చేరాయి. ఆ నాలుగు నిమిషాలు కెమెరా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

2.15కి శిఖరం ఎడమ అంచున గులాబీ ఛాయ. 2.25కి అది శిఖరం వెనక్కి చేరింది. పైన ముదురు నీలం, కింద పలచని నారింజ. ఆ వెలుగు మీద సూది నల్లగా, అంచులు కోసినట్టుగా నిలబడింది. రెండు వైపులా దీపాల వెలుగులో పసుపుపచ్చటి రెక్కలు. నీటిలో వాటి నీడలు వణుకుతున్నాయి. నావికుడు ఇంజను పిడి మీద చెయ్యి తీయలేదు. శిఖరం కుడికి ఒక మీటరు జరిగితే కుర్రాడు ఒక్క మాట అనేవారు, అది మళ్ళీ మధ్యలోకి వచ్చేది.

తుంటి కింద పడవ ఊపును వింటూ, కొసన ఆగినప్పుడల్లా మూడు మూడుగా తీశాను. ఇరవై నిమిషాల్లో 340 ఫొటోలు. రెక్కల మీది దీపాలు తెల్లగా మాడిపోకుండా వాటికి సరిపోయేలా వెలుగు కొలిచాను, నీడలను తర్వాత పైకి తీసుకోవచ్చని. అంతా అయ్యాక, 2.40కి, ఎందుకో ఒకసారి 35 మి.మీ. లెన్సు పెట్టి నాలుగు ఫొటోలు తీశాను. చుట్టూ ఏమేం ఉందో గుర్తుకోసం అంతే. అందులో ఎడమ అంచున, ఎదురు ఒడ్డున ఉన్న వాసిలేవ్‌స్కీ దీవి గట్టు కూడా పడింది.

2.50కి రెక్కలు దిగడం మొదలైంది. రెండు కొసలు కలిసేదాకా ముగ్గురం మాట్లాడలేదు.

బల్ల మీద

ఇంటికి వచ్చాక ఒక అతితెలివి చేశాను. వరసగా తీసిన ఎనిమిది ఫొటోలను ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే గింజ దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. నేల మీద తీసిన రాత్రి ఫొటోలకు నేను తరచూ చేసే పని. ఇక్కడ శిఖరం రెండైంది. నిలబడినట్టే కనిపించినా పడవ అడుగో రెండడుగులో జరుగుతూనే ఉంది. వంతెన దగ్గర, శిఖరం దూరం. పడవ ఒక మీటరు పక్కకు జరిగితే నా కెమెరాలో శిఖరం వంతెనతో పోల్చి యాభైకి పైగా పిక్సెళ్ళు జరుగుతుంది. వంతెన మీద కలిపితే శిఖరం విడిపోతుంది, శిఖరం మీద కలిపితే రెక్కలు విడిపోతాయి. రెండు రోజులు పోరాడి వదిలేశాను. పడవ ఫొటోకు ఒకే ఫ్రేము. 340లో మధ్యలో సూది ఉన్నవి వంద దాకా, వాటిలో కదలనివి ఇరవై రెండు, ఆ ఇరవై రెండింటిలో నీళ్ళ మీది నీడ కూడా బాగున్నవి మూడు. 2.31కి తీసినది ఎంచుకున్నాను. వంకర ఒక డిగ్రీ కన్నా తక్కువ, సరిచేశాను. గింజను కొంచెం మెత్తబరిచాను. రంగులు కెమెరా చూసినవే ఉంచాను.

కాన్వాస్ మీద అచ్చు వేయించాం. మొదటి అచ్చులో నీలం ఊదాగా వచ్చింది, మళ్ళీ వేయించాం.

హాలులో

గోడకు బిగించిన రోజు డాక్టరు గారు తలుపు దగ్గరే ఆగిపోయారు. చాలాసేపు చూశారు. తర్వాత దగ్గరకు వచ్చి ఎడమ చివర వెతకడం మొదలుపెట్టారు. ఏం వెతుకుతున్నారో నాకు అర్థం కాలేదు.

"గట్టు ఎక్కడ?" అన్నారు.

రెండో ఏడాది చదువుతున్నప్పుడు ఒక రాత్రి ఆయన, ముగ్గురు స్నేహితులు వంతెన లేచే సమయానికి వాసిలేవ్‌స్కీ దీవి వైపు చిక్కుకుపోయారట. హాస్టల్ అవతలి ఒడ్డున. తెల్లవారేదాకా గట్టు మెట్ల మీద ఒకే రొట్టె పంచుకుని తింటూ కూర్చున్నారు. ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఈ సంగతి ఆయన నాకు ముందు చెప్పలేదు, నేనూ అడగలేదు. వంతెన ఎందుకు కావాలో అడగకుండా ఏ కోణంలో కావాలో మాత్రమే అడిగాను. 85 మి.మీ. ఫ్రేములో ఏ ఒడ్డూ లేదు. రెండు రెక్కలు, శిఖరం, నీళ్ళు, ఆకాశం అంతే.

మరుసటి రోజు ఆ 35 మి.మీ. ఫొటోల్లో ఒకటి అచ్చు వేయించి తీసుకెళ్ళాను. చేతిలో పట్టేంత చిన్నది. ఎడమ అంచున గట్టు రాళ్ళు, వాటి కింద నీళ్ళలోకి దిగే మెట్లు మసకగా కనిపిస్తున్నాయి. ఆయన కళ్ళజోడు తీసి ఫొటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. చూపుడు వేలు నాలుగో మెట్టు మీద ఆపి, "ఇదే అయి ఉంటుంది" అన్నారు.

పెద్దది హాలులో ఉంది. చిన్నది ఆయన రోగులను చూసే బల్ల మీద, అద్దం కింద ఉంది.